కాన్పు పొట్లంలోని బ్లేడు

మిర్యాలగూడ

అన్నా, వదిన కాన్పుకని నర్సమ్మ ఇచ్చిన పొట్లం విప్పి, అందులోని కొత్త బ్లేడుతో నువ్వు గడ్డం గీసుకున్నావు. మంత్రసాని పిల్లవాడి బొడ్డు కొడవలితో కోసింది. ధనుర్వాతం వచ్చి, పాలు పట్టక, కట్టెలా బిగుసుకుని చనిపోయాడు. మొన్న మా రైస్ మిల్లుకొచ్చి, "కొత్త బ్లేడు ఊకెనే పడున్నది గదనే సాలీ, గీసుకుంటే ఏమైతదనుకున్న" అని ఏడ్చావు. ఆ బ్లేడు దాచి ఉంటే ఈపాటికి బోర్లా పడేవాడు. వదిన అన్నం తింటోందా? అక్కడున్న మన చెల్లి నీలాకు ఇప్పుడు ఏడో నెల. ఇంకో పొట్లం తెచ్చి అమ్మ చేతికే ఇవ్వు, నువ్వు ముట్టొద్దు. దానికి ధనుర్వాతం సూది వేయించు. అమ్మకు దండాలు. వేయించినట్టు శనివారంలోగా జవాబు రాయి. రాకపోతే ఆదివారం మొదటి బస్సుకు వచ్చి, దాన్ని ఇక్కడి దవాఖానకు తెచ్చుకుంటాను.

సాలి