మూడో మనిషి భోజనం

మంగళవారం, వంట ముగించాక

అమ్మకు నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ నేనూ పిల్లా కులాసా. అక్కడ నువ్వూ తమ్ముడూ మరదలూ బాగున్నారని తలుస్తాను. ఎప్పుడూ "ఇక్కడ అందరం కులాసా" అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి మనుషుల్ని లెక్కపెట్టి రాశాను. ఎందుకో కింద చెబుతాను. ముందు నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. లేకపోతే నాకు తోచదని నీకు తెలుసు.

కుట్టుమిషను బెల్టు సరిపోయింది. నువ్వు పంపిన కొలతకంటే అర అంగుళం పొడుగుంది, కత్తిరించి బిగించాను. పై దవడ పన్ను తీయించేశాను, ఇప్పుడు రెండు వైపులా నములుతున్నాను. పిల్ల ఎంత ఎదిగిందని అడిగావు. వంటింటి తలుపు చట్రం మీద గీతలు పెడుతున్నాను కదా, మొన్నటి గీత నా చెవి దాకా వచ్చింది. రోజూ తెల్లారేసరికి మైదానానికి వెళ్ళి పన్నెండు చుట్లు పరుగెడుతుంది. వచ్చి గిన్నెలో ఏముంటే అది ఊడ్చేస్తుంది. అచ్చం తమ్ముడి చిన్నప్పటి తిండి.

నాలుగో ప్రశ్న నువ్వు సంతకం కింద చిన్న అక్షరాలతో రాశావు. "అల్లుడుగారి మాట రెండు ఉత్తరాల్లో లేదేం? మీ మధ్య ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అని. అమ్మా, ఇక్కడినుంచి నువ్వు ఒక్కదానివే చదువుకో. తమ్ముడిచేత చదివించుకోకు. ఫోనులో చెబుదామంటే నీకు సరిగా వినపడదు, నేను అరిచి చెబితే మీ మేడ అంతా వింటుంది. అందుకే ఉత్తరం.

మాటా మాటా రాలేదు. ఆయన ఇల్లు విడిచి అయిదేళ్ళయింది. ఊరికి అవతలి వైపు, తన వర్క్‌షాపు దగ్గర, ఇంకొకావిడతో ఉంటున్నారు. నిన్న సోమవారం కోర్టు మాకు విడాకులు ఇచ్చింది. పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఆదివారాలు వాళ్ళ నాన్నని చూసి వస్తుంది.

ఒక్క నిమిషం ఆగి, మంచినీళ్ళు తాగి, మిగతాది చదువు. ఇది ఏడవాల్సిన ఉత్తరం కాదు. నేను ఏడుస్తూ రాయడం లేదు.

అయిదేళ్ళు ఊరుకున్నదాన్ని ఇప్పుడు కోర్టు దాకా ఎందుకు వెళ్ళానని నువ్వు అడుగుతావు. ఒక కాగితం కోసం. పరుగులో శిక్షణ ఇచ్చే బడి ఒకటి ఉంది, పిల్లకి అందులో చోటు వచ్చింది. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి, లేదా పిల్ల బాధ్యత తల్లిదేనని కోర్టు ఇచ్చిన కాగితం ఉండాలి. ఆయనకి పంపాను. "చూద్దాంలే" అన్నారు. మూడు వారాలు చూశారు. గడువు దాటిపోయింది. పిల్ల బూట్లు విప్పి మంచం కిందకి తోసింది. ఆ బూట్లు తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాయి. పదో రోజున నేను బస్సెక్కాను.

కోర్టు వెనక మేడ మీద ఉచితంగా న్యాయ సహాయం ఇచ్చే ఆఫీసు ఉంది. ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడవారగా బెంచీ. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే "ఎవరి తరఫున వచ్చారమ్మా?" అని అడిగాడు. బెంచీ మీద ఉన్న ఆడవాళ్ళలో ఒకరితో అన్న వచ్చాడు, ఒకరితో బాబాయి వచ్చాడు. నాతో చేతిసంచీ వచ్చింది. "నా తరఫున నేనే" అన్నాను. అప్పుడు తలెత్తాడు. ఆ మాట అన్నాక నాకు నడుం కాస్త నిటారుగా అయినట్టు అనిపించింది.

అక్కడి లాయరమ్మ నాకంటే చిన్నది, పుల్లలా ఉంటుంది, టీ చల్లారిపోయాక తాగుతుంది. నేను మొదలుపెట్టగానే ఏడుపొచ్చేసింది. ఆవిడ రుమాలు ఇచ్చి, "ఏడుపు తరవాతండీ, ముందు తేదీలు" అంది. ఇదేదో నా మనిషే అనుకున్నాను. రెండేళ్ళకు మించి వేరుగా ఉన్నట్టు చూపించాలట. అవతల ఆయన లాయరేమో, ఇల్లు విడవనే లేదు, పని ఒత్తిడిలో వస్తూ పోతూ ఉన్నారు, అని రాసి ఇచ్చాడు. విడిచి వెళ్ళినవాడు అనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. అలా అని తిరిగి రావడమూ ఇష్టం లేదు.

"మీ దగ్గర రాసి పెట్టుకున్నవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది లాయరమ్మ. అమ్మా, ఆ ప్రశ్న నన్ను అడిగితే ఎలా ఉంటుంది! నాన్న నాకు గుమాస్తా అని ఊరికే పేరు పెట్టలేదు కదా. మర్నాడు ఎనిమిదేళ్ళ గోడ క్యాలెండర్లు తాడు కట్టి మోసుకెళ్ళాను. ఏ తేదీన సిలిండరు మార్చాను, ఎన్ని పాల ప్యాకెట్లు తీసుకున్నాను, పిల్లకి జ్వరం ఎప్పుడు, కుళాయి బాగుచేసినవాడు ఎప్పుడు వచ్చాడు, అన్నీ గళ్ళలో ఉన్నాయి. గడి కింది మూలన, పెన్సిలుతో, ఆ రోజు ఇంట్లో ఎందరికి భోజనం అన్న అంకె. నువ్వు నేర్పిన అలవాటే. లాయరమ్మ పేజీలు తిప్పుతూ మురిసిపోయింది. ఆ మూల అంకె ఏమిటని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. నా తప్పు అదే. నకళ్ళు అవతలివాళ్ళకి కూడా ఇస్తారని నాకు తెలియదు. ఆ అంకె అర్థం తెలిసిన మనిషి అవతలి వైపు ఒకరున్నారు. పద్నాలుగేళ్ళు అదే వంటింట్లో తిని, "ఇవాళ నేను లెక్కలో ఉన్నానా, లేనా?" అని నన్ను ఆటపట్టించిన మనిషి.

విచారణ రోజున ఆయన లాయరు ఒక క్యాలెండరు చేతిలో పట్టుకుని మెల్లగా వచ్చాడు.

"ఈ రాత మీదేనాండీ?"

"నాదేనండి."

"మూలన మూడు అని ఉంది. మూడంటే?"

"ముగ్గురికి భోజనం."

"మీరొకరు, మీ అమ్మాయి ఒకరు. మూడో మనిషి ఎవరు?"

ఆ లాయరు ఎన్ని పేజీలు తిప్పాడో, అన్నిటిలోనూ మూడే ఉంది. ఆయన వెళ్ళిపోయాక కూడా అయిదేళ్ళూ నేను మూడే వేశాను. మొదటి నెల, వస్తారేమోనని వేశాను. తరవాత, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ క్యాలెండరు చూస్తుందని వేశాను. ఆ తరవాత ఆడపడుచు వస్తే చూస్తుందని, పక్కింటావిడ పంచదారకి వచ్చినప్పుడు చూస్తుందని. చివరికి ఎవరూ చూడకపోయినా చెయ్యి మూడే వేసింది. మా లాయరమ్మ ముఖం పాలిపోయింది. మూడో మనిషి ఆయనే అంటే ఇంట్లోనే ఉన్నట్టు. కాదంటే నా క్యాలెండర్లన్నీ చిత్తుకాగితాలు. ఆ బడి రెండో విడత దరఖాస్తులకి గడువు ఆ వచ్చే శుక్రవారమని నాకు గుర్తుంది.

"మూడో మనిషి ఎవరూ లేరండి. ఆ అంకె అబద్ధం" అన్నాను.

జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. పెద్దావిడ, నీ వయసు కాదు గాని నా కంటే బాగా పెద్ద. "మీరే అబద్ధం అంటున్నారు. మరి మిగతావి నిజమని ఎలా నమ్మమంటారమ్మా?" అని అడిగారు.

అమ్మా, అక్కడ నాకు భయం పోయింది. ఎందుకంటే అది లెక్క అడిగిన ప్రశ్న. "మూల అంకె పెన్సిలుతో నా ఇష్టం వచ్చినట్టు వేసుకున్నానండి. సిలిండరు తేదీ అలా వేసుకోలేను. అది అయిపోతేనే మారుస్తాను, మారిస్తేనే వంట అవుతుంది. ముగ్గురం ఉన్నప్పుడు ముప్ఫై నాలుగు రోజులు వచ్చేది. అయిదేళ్ళ కింద, పిల్ల పుట్టినరోజు దాటిన వారం నుంచి చూడండి. నలభై ఆరు రోజులు వస్తోంది. అదే పొయ్యి, అదే వంట. పాలు రెండు ప్యాకెట్ల నుంచి ఒకటయ్యాయి. గ్యాసు ఇచ్చేవాళ్ళ రసీదులు డబ్బాలో ఉన్నాయి, తేదీలు కలిపి చూసుకోండి. అబద్ధం రాసిందీ నేనే, పట్టించిందీ నేనేనండి" అన్నాను.

జడ్జిగారు కాగితం మీద తనే రాసుకుంటూ సిలిండరు తరవాత సిలిండరు లెక్కపెట్టారు. నాలుగు చోట్ల రసీదులతో కలిపి చూశారు, నాలుగూ కలిశాయి. తరవాత ఆయన్ని సూటిగా, "మీరు ఆ ఇంట్లో చివరిసారి ఎప్పుడు భోంచేశారు?" అని అడిగారు. ఆయన తల దించుకున్నారు. అబద్ధం ఆడలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. "గుర్తు లేదండి" అన్నారు.

బయటికి వచ్చాక వరండాలో లాయరమ్మ నన్ను పట్టుకుని ముందు బాగా చీవాట్లు పెట్టింది. ఆ అంకె సంగతి తనకి ముందే ఎందుకు చెప్పలేదని. తరవాత, తన సర్వీసులో సిలిండరు వచ్చి సాక్ష్యం చెప్పడం ఇదే మొదటిసారని నవ్వింది. మెట్ల దగ్గర ఆయన ఎదురుపడ్డారు. "సిలిండరు కూడా రాస్తున్నావా నువ్వు?" అన్నారు. "కాపురానికి వచ్చిన రోజు నుంచీ రాస్తున్నాను. మీరే చూడలేదు" అన్నాను. కోపంగా అనలేదు. ఆయన కూడా కోపంగా వెళ్ళలేదు.

నిన్న తీర్పు కాగితం చేతికి వచ్చింది. కోర్టు నుంచి నేరుగా ఆ బడికి వెళ్ళాను. దరఖాస్తులో "తండ్రి" అన్న గడి ఖాళీగా వదిలేసి, "సంరక్షకులు" అన్నచోట నేను సంతకం పెట్టాను. అక్కడి ఆవిడ కోర్టు కాగితం నకలు తీసుకుని ముద్ర వేసింది. అంతే, రెండు నిమిషాల పని. ఇంటికి వచ్చేసరికి పిల్ల బూట్లకి కొత్త తాళ్ళు ఎక్కిస్తోంది. "చేరినట్టేనా?" అంది. "చేరినట్టే" అన్నాను. "అయితే నువ్వు కూడా పరుగెత్తాలి, నెగ్గినవాళ్ళు ఒక చుట్టు ఎక్కువ వేస్తారు" అంది. సందు చివరి దాకా నడిచాను, దాన్నే పరుగని ఒప్పించాను.

ఇంక నీకు చెప్పవలసింది ఒకటి మిగిలింది. కోర్టులో చెప్పడంకంటే ఇది కష్టంగా ఉంది. ఆ క్యాలెండరు మూలన వేసిన మూడే, నీ ఉత్తరాల్లోనూ వేశాను. "ఆయన నీకు నమస్కారాలు చెప్పమన్నారు" అని రాసిన ప్రతిసారీ అది నేను కల్పించింది. నీ కంటి ఆపరేషనప్పుడు ఆయన రోజూ అడుగుతున్నారని రాశాను. ఆయనకి ఆ సంగతే తెలియదు. నువ్వు అంత నీరసంలోనూ అల్లుడుగారికని ఊలు స్వెట్టరు అల్లి పంపావు. చలికి అదే వేసుకుని తిరుగుతున్నారని రాశాను. మూడేళ్ళు అది బీరువాలో ఉంది. మేం వచ్చినప్పుడల్లా ఆయనకి సెలవు దొరకలేదన్నాను. నువ్వు బాధపడతావని రాశాననుకునేదాన్ని. ఆ రోజు బోనులో నిలబడ్డాక తెలిసింది, నీకు బాధని కాదు, నాకు సిగ్గని. రెండు ఉత్తరాల కిందట ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు వెంటనే పట్టేశావు. నేను ఎవరి కూతుర్నో అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

స్వెట్టరు ఇప్పుడు పిల్ల వేసుకుంటోంది. పొద్దున్నే మైదానానికి అదే. చేతులు రెండు మడతలు పెట్టుకుంటుంది, అమ్మమ్మ అల్లిందని అందరికీ చెప్పుకుంటుంది. కాబట్టి నీ శ్రమ వృథా పోలేదు.

నాకు తోడుగా రాలేదని తమ్ముణ్ణి తిట్టకు, వాడికి చెప్పలేదు. చెబితే వచ్చేవాడే. నేను ఒక్కదాన్నే వెళ్ళాలనుకున్నాను, వెళ్ళాను. ఈ ఒక్క విషయంలో నీ కూతురు కొంచెం మిడిసిపడుతోంది, ఏమీ అనుకోకు.

నిన్నటి గడిలో మూలన రెండు అని వేశాను, పెన్సిలుతో కాదు, పెన్నుతో. పిల్ల వచ్చి చూసి, రెండు పళ్ళాలు తీసి బల్ల మీద పెట్టింది. బడి తెరిచే ముందు పదిహేను రోజులు తీరిక ఉంది. నీ మోకాళ్ళకి రైల్లో కింది బెర్తు దొరికేలా చూడమని తమ్ముడికి నేనే చెబుతాను. నువ్వు ఒకసారి రా అమ్మా. నువ్వు వచ్చిన రోజు ఆ మూలన మూడు వేస్తాను. ఈసారి సిలిండరు కూడా అవునంటుంది.

ఇట్లు,
రాసిందంతా ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్న
నీ గుమాస్తా కూతురు