కుప్పన్ మామ బరువు

ముత్తియాల్‌పేట, పుదుచ్చేరి
జూన్ 2

ప్రియమైన నందితకు,

ఆ రోజు నేను విమానాన్ని ఆపడం సరైన పనేనా? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న నాతో పాటే నిద్ర లేస్తోంది, నాతో పాటే బడికి వస్తోంది. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోతాను. పిల్లలు "మిస్, యాడికి పోయినారు?" అని నవ్వుతారు.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయకుండా రాసి మంచి పని చేశావు. నీ గొంతు వింటే నేను అన్నిటికీ సరేననేస్తాను. నీ చేతిరాత చూసి గర్వపడ్డాను కూడా. ఉదయం విమానం వెళ్ళిపోయాక, సాయంత్రం అది తిరిగొచ్చేదాకా, కౌంటర్ వెనక కూర్చుని పాత లగేజీ ట్యాగుల మీద నీకు అక్షరాలు దిద్దించాను కదా. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని ముదలియార్‌పేట పిల్ల, ఇవాళ హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని ఆ తెలుగులోనే నాకు ఉద్యోగం ఇస్తానంటోంది!

మీ కొత్త కంపెనీ పుదుచ్చేరికి విమానం వేస్తుందని, ఇక్కడి విమానాశ్రయంలో మీ పనులన్నీ నేను చూసుకోవాలని, పదిహేనో తేదీలోగా చెప్పాలని రాశావు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పాలు పొయ్యి మీద పెట్టి వీధిలోకి వెళ్ళిపోతున్నాను.

మన పాత కంపెనీ కడల్ ఎయిర్ బతికింది నాలుగేళ్లే. అద్దెకు తెచ్చిన రెండు పంకాల విమానాలు, అందులో ఒకటి ఎప్పుడూ విడిభాగాల కోసం ఎదురుచూస్తూ షెడ్‌లోనే. మొదటి రోజు ఫైరింజన్ వాళ్ళు విమానానికి నీటి తోరణం పట్టబోయి నాదస్వరం వాళ్ళను తడిపేశారు. కౌంటర్లో టికెట్ చూసిన నువ్వే గేటు దగ్గరకు పరుగెత్తి మైకు పట్టుకునేదానివి. ఎయిర్‌హోస్టెస్‌లే సీట్లు తుడిచేవారు. ఇరవై అయిదు నిమిషాల్లో విమానాన్ని ఖాళీ చేసి, నింపి, మళ్ళీ లేపాలి. చవక టికెట్ల కంపెనీలో విమానం నేల మీద నిలబడటమే పెద్ద పాపం.

నాది బరువుల లెక్క. ఎంతమంది మనుషులు, ఎన్ని పెట్టెలు, ఎక్కడ ఎంత బరువు అని కాగితం మీద వేసి సంతకం చేసి కెప్టెన్‌కు ఇవ్వాలి. లాస్‌పేట రన్‌వే పొట్టిది. నా లెక్క తప్పితే రన్‌వే అయిపోతుంది గానీ విమానం లేవదు. తూకం మిషన్‌ను పరీక్షించే ఇరవై కిలోల రాయిని ప్రభుత్వ ముద్ర వేయించడానికి చెన్నైకి పంపితే తిరిగి రాలేదు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. రోజూ తెల్లవారుజామున, పెట్టెలు మోసే కుప్పన్ మామ మిషన్ ఎక్కాలి. అరవై నాలుగు చూపిస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. పుస్తకంలో "కుప్పన్ 64" అని రాసేదాన్ని.

ఆ రోజు యాభై ఎనిమిది చూపించింది. మిషన్ తక్కువ తూస్తోందనుకున్నాను. ఏ పెట్టె బరువునూ నమ్మలేను, పెట్టెలు లేకుండానే విమానం పోవాలన్నాను. హైదరాబాద్ పెళ్ళివాళ్ళు పెట్టెలు లేనిదే ఎక్కమన్నారు. గంటన్నర గొడవ. చివరికి పెట్టెలు దిగబెట్టే వెళ్ళారు, కానీ దారిలో దిగాల్సిన బెంగళూరులో మనకిచ్చిన వేళ దాటిపోయింది, పైలట్ల పని గంటలు చాల్లేదు, ఆ రోజు మిగిలిన ప్రయాణాలన్నీ రద్దయ్యాయి. ఇంకొక్క రోజు ఇలా జరిగితే విమానాలు వెనక్కి తీసుకుంటామని అద్దెకిచ్చినవాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు. అన్నంత పనీ చేశారు. నూట నలభై మందిమి ఉద్యోగాలు పోయి ఇళ్ళకు చేరాం. మిషన్ చూడాల్సిన మెకానిక్ రానే లేదు.

నేను ప్రాణాలు కాపాడానా, పొట్టలు కొట్టానా? అది తెలియకుండా మళ్ళీ ఆ కాగితం మీద సంతకం పెట్టలేను. కుప్పన్ మామ సోలై నగర్‌లో కూతురి దగ్గర ఉన్నాడట. ఆదివారం వెళ్ళి, ఆ రోజు ఏం గమనించాడో అడుగుతాను.

నీ అక్షరాల పంతులమ్మ,
లోగనాయకి


హైదరాబాద్
జూన్ 5

ప్రియమైన లోగక్కా,

నువ్వు మారలేదు. ఉద్యోగానికి రమ్మంటే విచారణ మొదలుపెట్టావు!

కంపెనీ నీ వల్ల మూతపడలేదక్కా. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి చెబుతున్నాను. రెండే విమానాలు, అందులో ఒకటి షెడ్‌లో. అలాంటి కంపెనీ ఒక గాలివానకైనా పడిపోయేదే. నీ గంటన్నర కాకపోతే బెంగళూరులో మంచు, మంచు కాకపోతే టైరు.

ఇక్కడ మా వాళ్ళకు నీ గురించి ఏం చెప్పానో తెలుసా? "అనుమానం వస్తే ముఖ్యమంత్రి ఉన్నా విమానం ఆపే మనిషి" అన్నాను. అందుకే నువ్వు కావాలి. బరువుల కాగితం నీ చేతిలో ఉంటే నేను ఇక్కడ నిశ్చింతగా ఉంటాను.

కుప్పన్ మామను ఇప్పుడెందుకు కదిలించడం? ఆయనకు వయసైపోయింది. ఆ పొద్దున సంగతి ఆయనకు మాత్రం ఏం గుర్తుంటుంది?

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. వెలుతురుకు పట్టుకుని చదవకు. నువ్వు చదువుతావని తెలుసు, అందుకే గట్టిగా కొట్టేశాను.

తొందరగా సరే అను.

నీ
నందిత


ముత్తియాల్‌పేట
జూన్ 8

ప్రియమైన నందితకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. వెలుతురుకు పట్టుకుని చూశాను. ఏమీ కనిపించలేదు. ఈ రోజు సోలై నగర్ వెళ్ళాను.

మామ పడవల పక్కన కూర్చుని వలకు మాట్లు వేస్తున్నాడు. బాగున్నాడు. నాకంటే బాగున్నాడు. చూడగానే, "ఏంది లోగమ్మా, ఇన్నేండ్లకు దారి తెలిసెనా?" అన్నాడు.

కాఫీ దాకా ఆగలేకపోయాను. "మామా, ఆ రోజు మిషన్ చెడిపోయిందా?" అనేశాను.

"మిషనుకేం రోగం? రోగం నాకుండె."

నాకు అర్థం కాలేదు. చేతిలో ఉన్న వల అంచు ఎత్తి చూపించాడు. బరువు కోసం దానికి వరసగా సీసపు గుండ్లు కట్టి ఉన్నాయి.

"దగ్గు పట్టుకొని నెలనెలా తగ్గిపోతాంటి. నువ్వేమో రోజూ నంబరు రాస్తాండావు. తగ్గినానని తెలిస్తే కాంట్రాక్టరు డాక్టరు దగ్గరికి పంపిస్తాడు, డాక్టరు మూట మొయ్యొద్దంటే పని పోతాది. అందుకని అల్లుని గుండ్లు నడుముకు చుట్టుకొని, పైన చొక్కా ఏసుకొని వస్తాంటి. నువ్వు వచ్చేలోపల మిషనెక్కి, అరవై నాలుగు వచ్చేదాకా సరిచూసుకుంటాంటి."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు అల్లుడు గుండ్లతో సహా వల తీసుకొని కడలికి పోయినాడు. నేనేం చేసేది?"

లోపలి నుంచి కూతురు సెంగమలం అరిచింది: "ఏరోప్లేన్ నిలబెట్టినోడు మా నాయన! మినిస్టర్ వచ్చినా అంతసేపు నిలబెట్టరు!" మామ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"అప్పుడే చెప్పుంటే?" అన్నాను.

"చెప్పేదానికి నోరు తెరిస్తి లోగమ్మా. నువ్వు ఫోన్లో అరుస్తాండావు, పెండ్లోళ్ళు నీ మీద అరుస్తాండారు. నోరు మూసుకొంటి. పని పోయినంక దాచేదానికి ఏముంది? గవర్నమెంటు ఆస్పత్రికి పోతిని. టీబీ అనిరి. ఇంకో రెండు నెలలు ఆగుంటే మోసుకొని వచ్చేవాళ్ళు అనిరి."

వలకు ఇంకో మాటు వేసి, తల ఎత్తకుండానే అన్నాడు: "నన్నే అడుగుతావెందుకు? నందిత పాపను అడుగు. తెల్లారి మిషన్ కాడ ఉండింది మేమిద్దరమే కదా."

నందితా, నీకు ఏం తెలుసు?

లోగనాయకి


హైదరాబాద్
జూన్ 11

లోగక్కా,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఒప్పుకుంటే తర్వాత రాస్తాను.

అప్పట్లో నేను ఎయిర్‌హోస్టెస్ ఇంటర్వ్యూకు తయారవుతున్నాను, గుర్తుందా? బరువు యాభై రెండు దాటకూడదు. మా ఇంట్లో మిషన్ లేదు. అందుకే అందరికంటే ముందు వచ్చి మన లగేజీ మిషన్ ఎక్కేదాన్ని. ఒకరోజు మామ కూడా ముందే వచ్చాడు. చొక్కా ఎత్తి గుండ్లు సర్దుకుంటూ నాకు దొరికిపోయాడు. "పాపా, నేను నీ సంగతి చెప్పను, నువ్వు నా సంగతి చెప్పొద్దు" అన్నాడు. నవ్వుకున్నాం. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఆ రోజు కూడా నేను మిషన్ ఎక్కాను. యాభై ఒకటిన్నర. ముందు రోజు కూడా అంతే. మిషన్ సరిగ్గా ఉందని నాకు తెలుసు అక్కా. నువ్వు "ఈ మిషన్‌ను నమ్మలేను" అని అరుస్తున్నప్పుడు నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. మామ నా వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు, విమానం పోయేది. మామ పనీ పోయేది.

గంటన్నర ఆలస్యమే కదా అనుకున్నాను. అది కంపెనీని మింగేస్తుందని నాకేం తెలుసు? తెలిశాక, ఇక చెప్పే దారి లేకపోయింది. ఏడాది గడిస్తే చెప్పడం ఇంకా కష్టమైంది. నీకు ఉద్యోగం ఇస్తే సరిపోతుందని అనుకున్నానేమో. నిజంగా తెలియదు.

నేను కొట్టేసిన వాక్యం ఇది: "ఆ మిషన్ బాగానే ఉందక్కా."

నందిత


ముత్తియాల్‌పేట
జూన్ 14

ప్రియమైన నందితకు,

ఆ మాట నేనే ముందు రాస్తున్నాను. అలవాటు తప్పలేదు.

నిన్న అందిన నీ ఉత్తరాన్ని మడిచి పుస్తకంలో పెడుతున్నాను, తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను. బడిలో ఒక పిల్ల, "మిస్, ఈ పొద్దు మీరు ఆగకుండా లెక్క ముగించినారు" అంది. నేను గమనించనే లేదు.

ఆ ప్రశ్నకు జవాబు దొరికింది, అందుకే అనుకుంటాను. నాకు తెలిసినంతలో ఆపడం సరైనదే. నిజానికి ఆపాల్సిన అవసరమే లేదు. రెండూ ఒకేసారి నిజమవుతాయని తొమ్మిదేళ్లు నాకు తోచలేదు. నా అసలు తప్పు ఆ గంటన్నరలో లేదు, అంతకుముందే ఉంది. తూకపు రాయి రాలేదని మనిషిని రాయిగా వాడుకున్నాను. రోజూ ఆయన అంకె రాశాను, ఆయన మొహం చూడలేదు. దగ్గు మాత్రం విన్నాను. సముద్రపు గాలి అనుకున్నాను.

నువ్వు నోరు విప్పి ఉంటే కంపెనీ ఇంకొన్నాళ్ళు బతికేది. మామను డాక్టరు దగ్గరకు పంపేవాళ్ళో, వేరే చోట మూటలు మోస్తూ దాచుకునేవాడో ఎవరికి తెలుసు? ఆ లెక్క నా వల్ల కాదు. మామతో అంటే, "విడు లోగమ్మా, నేను ఉండాను, నువ్వు ఉండావు, ఆ పాప ఉండాది" అన్నాడు. కార్లో తిరిగే పెద్దమనుషులు ఇంత తేలిగ్గా విడవరు.

రేపే గడువు కాబట్టి మీ ఆఫీసుకు ఈ మధ్యాహ్నం మెయిల్ పంపాను. ఉద్యోగానికి వస్తున్నాను. రెండు షరతులు పెట్టాను. మొదటి విమానం దిగేలోపు ముద్ర వేసిన తూకపు రాళ్ళు రెండు నా కౌంటర్ దగ్గర ఉండాలి, ఒకటి ఎక్కడికి పోయినా రెండోది ఉండేలా. పెట్టెలు మోసే ఎవరికైనా జబ్బు చేస్తే, నయమయ్యేదాకా తేలిక పని ఇవ్వాలి, పేరు కొట్టేయకూడదు. మొదటిదానికి సరే అన్నారు. రెండోది చూద్దామన్నారు. దాని కోసం నువ్వు అక్కడ కొట్లాడు. అది నువ్వు నాకు బాకీ.

నీ మీద కోపం ఉంది. నీ అక్షరాలు చూస్తే తగ్గుతోంది, ఉత్తరం మూస్తే పెరుగుతోంది. అదలా ఉండనీ. నన్ను ఒకచోట కూర్చోనివ్వనిది వేరే ఉంది.

ఇకమీద రోజూ తెల్లవారుజామున నేను ఇక్కడి బరువులు నీకు చెప్పాలి, నువ్వు అక్కడి బరువులు నాకు చెప్పాలి. నీ మాట మీద నేను సంతకం పెడతాను, ఆ సంతకం మీద డెబ్బై మంది గాల్లోకి లేస్తారు. ఏదో ఒక పొద్దున నువ్వు ఫోన్ చేసి "అంతా సరిగానే ఉందక్కా" అంటావు. ఆ మాటను నేను నమ్మాలా, మళ్ళీ తూయించాలా? ఉద్యోగానికి ఒప్పుకున్నాను గానీ, ఇది మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పటికీ నీ అక్కనే,
లోగనాయకి