నేరాల పేజీలో లేని వీధులు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

"ఈసారి మీరు రండి, మా నగరమంతా నడిపించి చూపిస్తాను" అని నువ్విప్పుడుంటున్న నగరంలోని మా పత్రిక విలేకరి నాకు మాటిచ్చి ముప్పై నాలుగేళ్లయింది. ఆయన పిలవనూ లేదు, నేను చూడనూ లేదు. అప్పట్నుంచి ఆయనతో మాటలు మానేశాను, ఆయన పంపే వార్తల్లో తప్పులు మాత్రం దిద్దాను. ఇరవై ఆరేళ్లు ఇక్కడి పత్రికాఫీసులో కూర్చుని ఆ నగరం నేరాల పేజీకి ప్రూఫులు చూసినవాణ్ణి. అక్కడ ఏ తాళం ఎప్పుడు పగిలిందో నాకు తెలుసు. ఎడిటరుకి తెలియదు, తన సంపాదకీయం తప్ప ఆయన ఏదీ చదివిన పాపాన పోలేదు.

హాస్టల్లో ఇంకా పన్నెండు రోజులే ఉండనిస్తారన్నావు. నేను సరేనన్న పేటలో గది దొరక్కపోతే కళ్లద్దాల దుకాణంలో పని మానేసి ఇంటికి రావాల్సిందేనని మీ అమ్మ ఖాయం చేసింది. కనుక శ్రద్ధగా చదువు. మెట్ల వీధి వైపు కన్నెత్తి చూడకు. వారానికి మూడు వార్తలు అక్కడివే. నీటి ట్యాంకు అవతల తెల్లగోడల వీధి అని ఒకటుంది. ఆఫీసు గోడ మీది పటంలో చూడటమే తప్ప, దాని పేరు ఒక్క వార్తలోనూ నా చేతికి రాలేదు. మధ్యాహ్నం కునుకులో అప్పుడప్పుడు అక్కడ నడుస్తుంటాను. నా చెప్పుల చప్పుడు నాకే వినపడదు. గది అక్కడ తీసుకో.

ఇట్లు, మామయ్య

తా.క.: మెట్ల వీధిలో నిలబడి ఆవలించకు. పెట్టుడు పళ్లు పోయిన వార్త నేనే దిద్దాను.

*

మామయ్యకి నమస్కారాలు.

సెలవు రోజున వెళ్లాను. పొద్దున్నే మంచు కురుస్తోంది. మీరు కలలో చూసినట్టే ఉంది, మామయ్యా. రెండు పక్కలా తెల్లటి గోడలు, వాటి మీంచి వంగిన పూల కొమ్మలు. నీళ్ల అడుగున నడుస్తున్నట్టనిపించింది. గేటు దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తున్న పెద్దాయన్ని ఇక్కడ గదులు దొరుకుతాయా అని అడిగాను. ఆయన నన్ను తేరిపార చూశాడు.

"ఇక్కడికి ఎవరూ నడిచి రారమ్మా. నలుగురు మోసుకొస్తారు" అన్నాడు.

ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మీ మేనకోడలు

తా.క.: మర్యాదస్తుడే. "తొందరేం లేదు, నిదానంగా రా" అని సాగనంపాడు.

*

చిరంజీవికి ఆశీస్సులు.

శ్మశానమైతే మాత్రం నా తీర్పు తప్పెలా అవుతుంది? అంతకన్నా గొడవల్లేని పేట చూపించమను మీ అమ్మని. సరే, గిడ్డంగుల వెనక వీధికి వెళ్లు. అన్నేళ్లలో అక్కణ్ణుంచి వచ్చింది ఒకటే వార్త: ఎవరిదో గొడుగు పోయింది, సాయంత్రానికి దొరికింది.

మామయ్య

తా.క.: గదిలోకి దిగేముందు పక్కింటివాళ్లు ఊపిరి పీలుస్తున్నారో లేదో చూసుకో.

*

మామయ్యకి నమస్కారాలు.

గిడ్డంగుల వెనక మనుషులున్నారు, కిటికీలు మాత్రం తెరవరు. ఇక్కడ ఏం జరిగినా బయటికి రాదని, నోరు విప్పినవాళ్ల ఇంటికి మర్నాడు తలుపుండదని సబ్బుల కొట్టావిడ నా చెవిలో చెప్పింది. గబగబా వచ్చేశాను. మంచులో దారి తప్పి ఏవో మెట్లెక్కుతుంటే కాలు జారింది. నేను కింద పడకముందే అయిదుగురు పట్టుకున్నారు. ఒకావిడ నా ఊరూ పేరూ అడిగింది, ఒకాయన మెట్టు మీది నాచు గురించి ఫిర్యాదు చేయడానికి పోలీసు స్టేషనుకి బయల్దేరాడు. అది మెట్ల వీధి, మామయ్యా. ఇక్కడ ఏం జరిగినా అందరూ చూస్తారు, చూసింది ఊరుకోకుండా చెబుతారు. వారానికి మూడు వార్తలంటే అవే.

పై అంతస్తులో గది ఖాళీగా ఉంది. ఇల్లుగలావిడ మీ విలేకరి భార్య. ఆయన పోయి రెండేళ్లయిందట. కిటికీలో కూర్చుని, కనపడిందల్లా రాసి పంపేవారట. మీ పేరు చెప్పగానే, అప్పుడు మీరెందుకు రాలేదని ఆవిడ అడిగారు. ఆయన మీకోసం మంచం వేయించారట. రెండు ఉత్తరాలు రాసి, రైలు టికెట్టు కూడా పంపారట. వచ్చిన జవాబు ఆవిడ దాచి ఉంచారు, తీసి చూపించారు: "మీ నగరంలో వాకిట్లో ఆరేసిన దుప్పటికే దిక్కులేదు, మా అన్నయ్యకేముంటుంది? ఆయన రాడు." ఆ చేతిరాత నాకు తెలుసు. మీకూ తెలుసు.

హాస్టల్లో ఇంకా మూడు రోజులే. మీరు సరేనంటే తప్ప అమ్మ ఒప్పుకోదు.

మీ మేనకోడలు

తా.క.: ఆ పెట్టుడు పళ్లు మీ విలేకరివేనట. దిండు కింద దొరికాయి. సవరణ మాత్రం పంపలేదట.

*

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ కనపడలేదు.

అప్పుడు మీ అమ్మకి పదహారేళ్లు. ఆమెకి నేను తప్ప, నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. రోజూ పొద్దున నా పేజీ పైకి చదివేది. చదువుతూ చదువుతూ నా చొక్కా అంచు పట్టుకునేది. శ్రద్ధగా వింటోందని మురిసిపోయేవాణ్ణి.

గది తీసుకో. ఆ వీధంత మంచిది ఆ నగరంలో లేదని మీ అమ్మకి ఇప్పుడే రాసి పోస్టు చేశాను. ఇవాళ కునుకులో ఆ మెట్లెక్కాను. పైన కిటికీ తీసే ఉంది. అందులోంచి ఎవరో కిందున్న నన్ను చూసి రాసుకుంటున్నారు.

మామయ్య

తా.క.: విలేకరి మీద కోపం పోయింది. ముప్పై నాలుగేళ్లు మోసిన బరువు, ఈ వయసులో ఊరికే కింద పడేయలేను, ఎవరో ఒకరి మీద పెట్టాలి. నా చెల్లెల్ని భయపెట్టింది నేను దిద్దిన పేజీయేనని తెలుసు. అయినా సరే, నేనప్పుడు రాకపోయిన తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే నేను చెప్పే పేరు ఒక్కటే: మీ అమ్మ.