ఊరట ఇంటి తనిఖీ

ఆగస్టు 17, 2008. ఆదివారం

హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చాం. నా భార్య రజియాబీ దారి పొడుగునా కిటికీకి తల ఆనించి కూర్చుంది. జడ్చర్లలో టీ తాగుతావా అంటే వద్దంది.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరు నన్నొక్కణ్ణే వరండాలోకి పిలిచి చెప్పాడు. గర్భసంచిలో మొదలైన క్యాన్సర్ వెన్నెముక దాకా వచ్చిందట. ఇక రేడియేషన్ కరెంటు పెట్టినా, మందు ఎక్కించినా లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. చీటీ మీద ఒక పేరు రాసిచ్చాడు. ఊరట. మన వనపర్తిలోనే, పెద్దమందడి రోడ్డు మీద. చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటట. అలాంటి బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ సరిగ్గా చూస్తారని నమ్మకం లేదు, చేర్చే ముందు మీరే వెళ్లి చూసుకోండి అన్నాడు.

చూస్తాను. ఇరవై రెండేళ్లుగా డిపోలో మెకానిక్‌ని. నేను సంతకం పెట్టనిదే బస్సు గేటు దాటదు. చూడటం నాకు వచ్చు.

ఇది మా అమ్మాయి ఫర్హీన్ ఇంటర్ రికార్డు కోసం కొన్న పుస్తకం. ఒకటి ఎక్కువైందని నాకిచ్చింది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నాకు రాయడం వచ్చింది తెలుగు ఒక్కటే. రజియాబీకి తెలుగు చదవడం రాదు. అదే మంచిది.

ఆగస్టు 19

ఏమేం చూడాలో రాసుకున్నాను. నర్సులు ఎంతమంది, డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తాడు, దుప్పట్లు ఎన్నిరోజులకు మారుస్తారు, నీళ్లు ఎక్కడివి, కరెంటు పోతే ఏం చేస్తారు, వంట ఎవరిది, మాంసం హలాలేనా, తలుపులు మంచం పట్టేంత వెడల్పున్నాయా. మొత్తం ఇరవై ఆరు అయ్యాయి. రాస్తుంటే చేతికి పని దొరికినట్టుంది.

ఆగస్టు 20. డ్యూటీ అయ్యాక

చూసి వచ్చాను. పాత బడి బిల్డింగు. ఎనిమిది మంచాలు, అయిదుగురు పేషెంట్లు. ఫినాయిల్ వాసన, దాంతోపాటు పప్పు పోపు వాసన. ఇద్దరు నర్సులు, ఒక ఆయా. డాక్టరు మంగళవారం, శుక్రవారం వస్తాడు. పెద్ద నర్సు పేరు సారమ్మ. యాభై ఏళ్లుంటాయి. నేను పుస్తకం చూసి ఒక్కొక్కటే అడుగుతుంటే, ఒక్కొక్కదానికే జవాబు చెప్పింది. విసుక్కోలేదు.

పోయిన నెల ఎంతమంది చనిపోయారని అడిగాను. పదకొండు మంది అంది. దాచలేదు, గొంతు తగ్గించలేదు. నేను పుస్తకంలో మైనస్ వేశాను. వేశాక అర్థమైంది, అది మైనస్ ఎలా అవుతుందని. కొట్టేశాను.

వస్తుంటే ఒక్క మాట అడిగింది, మీ ఆవిడకు నొప్పి ఎలా ఉంది అని. ఫర్వాలేదన్నాను.

ఆగస్టు 22. ఉదయం 5.40

చెప్పకుండా పోయి చూశాను. గుమ్మం పక్కనే ఆయా నిద్రపోతోంది. చివరి మంచం మీది దుప్పటి తడిగా ఉంది. రాసుకున్నాను. బైక్ స్టార్ట్ చేస్తుంటే నాకు సంతోషంగా ఉంది. తప్పు దొరికిందన్న సంతోషం. ఇది బాగోలేదు.

ఆగస్టు 23

రజియాబీ రెండు ముద్దలు తిని చాలంది. నన్ను చూసి నవ్వింది.

ఆగస్టు 26

మళ్లీ పోయాను. సారమ్మ లోపల ఎవరికో కట్టు కడుతోంది. కిటికీ పక్క మంచం మీద ఈదమ్మ అని పెద్దమందడి ముసలామె ఉంది. కడుపులో గడ్డ. ఎవరూ వినకుండా అడిగాను, ఇక్కడ నిజంగా బాగా చూస్తారా అని.

"పిలిస్తే వస్తరు బిడ్డా. జర లేటయితది గని వస్తరు" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంటికాడ నా కోడలు మంచిదే. అన్నం పెట్టేది, నీళ్లు పోసేది. గని నా మంచం కాడికొచ్చినప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఈడ ఎవ్వరు పెట్టుకోరు."

నా ఇరవై ఆరింటిలో ఇది లేదు. ఎక్కడ రాయాలో తెలియక మార్జిన్‌లో రాశాను.

ఆగస్టు 28

ఊరట గేటు దాకా పోయి లోపలికి పోకుండానే వచ్చేశాను. అక్కడి నుంచి డిపోకు పోయాను, డ్యూటీ లేకున్నా. అక్కడా నిలవలేదు. రాజావారి కాలేజీ చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాను. బైక్ చప్పుడు వినగానే లోపల ఏదో హడావుడి అయినట్టనిపించింది. పోయి చూస్తే రజియాబీ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు సర్దుకుని, దుపట్టా కప్పుకుని. ఫర్హీన్ నా మొహం చూడకుండా వంటింట్లోకి పోయింది.

పొద్దున ఫోన్ చేసి, ఒకసారి ఇంటికొచ్చి చూస్తారా అని సారమ్మను అడిగాను. రమ్మంటే వస్తారా లేదా అన్నది కూడా చూడాలి కదా.

ఆగస్టు 29. శుక్రవారం

వచ్చారు. చెప్పిన టైమ్ కంటే పావుగంట ముందే. సారమ్మ స్కూటర్ నడుపుతోంది, ఊరట డాక్టరు వెనక కూర్చున్నాడు. ఇంకోరోజైతే నవ్వేవాణ్ణి.

డాక్టరు కాగితాలు చూస్తుంటే, సారమ్మ మంచం మీద రజియాబీ పక్కనే కూర్చుంది. కుర్చీ వేస్తానంటే వద్దంది.

"రజియక్కా, అస్సలు నొప్పి లేకుంటే సున్న. ఓర్సుకోలేనంత ఉంటే పది. ఇప్పుడు నీకెంతుంది?"

రజియాబీ నావైపు చూసింది. బాగానే ఉందని తెలుగులోనే చెప్పింది.

"ఆయన దిక్కు చూడకు. నా దిక్కు చూసి చెప్పు."

 తర్వాత రజియాబీ రెండు చేతులూ పైకి ఎత్తి, ఒక బొటనవేలు మడిచింది. తొమ్మిది.

వంటింటి తలుపు దగ్గర ఫర్హీన్ చెప్పేసింది. అమ్మీ పగలంతా దిండు కొరుకుతుందట. నా బైక్ చప్పుడు వినగానే లేచి కూర్చుంటుందట. అబ్బాకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందట.

డాక్టరు మార్ఫిన్ రాశాడు. నాలుగు గంటలకొకసారి. మొదటి మోతాదు అక్కడే వేశారు. స్కూటర్ దాకా సాగనంపడానికి పోయాను. సారమ్మ మెల్లగా అంది.

"గౌస్ భాయ్, పది దినాల సంది మమ్మల్ని చూస్తున్నరు. చూడాలె, దాంట్ల తప్పేం లేదు. మీలెక్క అందరు చూస్తే మాకే మంచిది. గని గీ పది దినాలు ఆమె నొప్పిని ఎవరు చూసిన్రు?"

  స్కూటర్ తిప్పుకుని పోయింది.

గంటన్నరకు రజియాబీ నిద్రపోయింది. కాళ్లు చాపి. ఎన్ని వారాలుగా ఆమె కాళ్లు ముడుచుకుని పడుకుంటోందో నేను గమనించనే లేదు. ఇవాళ చాపితే తెలిసింది.

ఆగస్టు 30

నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మళ్లీ హైదరాబాద్ తీసుకుపోతారని భయమైందట. ఆ వరండాలో స్ట్రెచర్ మీద పడుకోవడం ఇక తన వల్ల కాదంది. ఎంత నొప్పి అయినా ఇక్కడే పడదామనుకుందట.

నేను ఊరట చూసి వచ్చిన సంగతి ఆమెకు ముందే తెలుసు. నేను పోయిన ప్రతిసారీ నా షర్టుకు ఫినాయిల్ వాసన వచ్చేదట. తనూ కొన్ని అడగాలంది. తన ఒళ్లు తుడిచేది ఆడవాళ్లేనా. కాబా ఉన్న పడమటి దిక్కు మొహం ఉండేలా మంచం వేస్తారా. ఫర్హీన్ ఎంతసేపైనా కూర్చోవచ్చా. ఏడిస్తే ఎవరైనా ఏడవొద్దని అంటారా.

నాలుగే. నా ఇరవై ఆరింటిలో ఒక్కటీ లేదు. ఫోన్‌లో సారమ్మను అడిగి చెప్పాను. నాలుగోదానికి సారమ్మ, ఏడ్వొద్దని చెప్పనీకె మేమెవరం అంది.

సెప్టెంబరు 2. రంజాన్ ఉపవాసాల మొదటి రోజా

ఈరోజు చేర్చాం. రజియాబీ కుడి పక్కకు తిరిగితే పడమర కనిపించాలంటే తల ఉత్తరానికి పెట్టాలి. ఆయా ఒప్పుకోలేదు. ఉత్తరం దిక్కు తల పెట్టొద్దంటరు సిస్టరూ, మిగిలినోళ్లు ఏమన్న అనుకుంటరు అంది. ఎవరికన్నా ఇబ్బందా అని సారమ్మ వార్డులో అందరికీ వినబడేలా అడిగింది. ఈదమ్మే జవాబు చెప్పింది.

"ఆమె దిక్కు ఆమెది. నా మంచం గింత జరుపున్రి, ఆమెది పడ్తది."

నేనూ ఆయా మంచం తిప్పాం. ఇంటికి వచ్చాక కూర్చోలేకపోయాను. ఆమె పడుకునే చోట నేల ఊడ్చాను. మళ్లీ ఊడ్చాను.

సెప్టెంబరు 6

నొప్పి: రెండు. ఆమే చెప్పింది, నేను అడగకముందే.

సెప్టెంబరు 11. సాయంత్రం



డ్యూటీ దిగి మూడున్నరకు పోతే రజియాబీ మంచం పట్టె పట్టుకుని ఉంది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది. ఫర్హీన్ పక్కన ఏడుస్తోంది. రెండు గంటలకు వేయాల్సిన మార్ఫిన్ వేయలేదు. మందుల బీరువా తాళంచెవి సారమ్మ దగ్గర ఉంది. సారమ్మ అమరచింత వైపు ఎవరినో చూడటానికి పోయింది. రెండో నర్సు సెలవు. ఫోన్ కలవలేదు.

నేను అరిచాను. పేషెంట్లు ఉన్నారని కూడా చూడలేదు. ఇదేనా మీ ఊరట అన్నాను. నాలుగింటికి సారమ్మ వచ్చింది. నేరుగా బీరువా తీసి మందు వేసింది. నొప్పి తగ్గేదాకా రజియాబీ చేయి పట్టుకుని కూర్చుంది. తర్వాత నా ముందే రిజిస్టర్‌లో రాసింది: రెండు గంటల మందు నాలుగింటికి వేశాం, తప్పు నాది, సారమ్మ.

దారి బాగలేదనో, స్కూటర్ ఆగిందనో చెప్తుందని ఎదురు చూశాను. చెప్పలేదు. చెప్తే ఇంకొంచెం అరిచేవాణ్ణి.

రేపే ఇంటికి తీసుకుపోతానన్నాను. రజియాబీ కళ్లు తెరవకుండానే మాట్లాడింది, ఈసారి కూడా తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా.

"వాళ్లు రెండు గంటలు లేటు. మీరు పన్నెండు దినాలు లేటు."

హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు నుంచి లెక్క. ఈదమ్మ మంచం మీద నుంచి నవ్వు వినిపించింది. తర్వాత రజియాబీ కూడా నవ్వింది. నేను బయటికి పోయి బోరింగు దగ్గర మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

సెప్టెంబరు 13

చెప్పకుండా పోయాను. సారమ్మ ఊళ్లో లేదు. రెండో నర్సు సెలవు మానుకుని వచ్చింది, తాళంచెవి ఆమె మెడలో ఉంది. రెండింటి మందు రెండింటికే వేసింది. ఇదే నా ఆఖరి తనిఖీ.

సెప్టెంబరు 19

పొద్దున ఈదమ్మ పోయింది. కోడలు వచ్చేసరికి సారమ్మ, ఆయా కలిసి ఒళ్లు తుడిచి, చీర మార్చి, తల దువ్వి ఉంచారు. దువ్వేటప్పుడు చిక్కు తగిలితే సారమ్మ ఆగి, వేళ్లతో విడదీసి, మళ్లీ దువ్విందట. రజియాబీ అంతా చూసింది. తెర వేస్తామంటే వద్దంది. భయమేసిందా అన్నాను. లేదంది. చిక్కు తీసేటప్పుడు నొప్పి తగలకుండా దువ్వారు, చనిపోయిన మనిషికి అంది.

సెప్టెంబరు 24

దుప్పటితో మనిషిని పక్కకు ఎలా తిప్పాలో సారమ్మ నేర్పింది. రెండుసార్లు తప్పుగా పట్టాను. మూడోసారి రజియాబీ నొప్పి లేకుండా తిరిగింది. వీపు తుడిచాను. పందొమ్మిదేళ్ల సంసారంలో ఆమె వీపు మీద ఎడమవైపు పుట్టుమచ్చ ఉందని ఇవాళే చూశాను. ఆమెకు చెప్పాను. ఆమెకూ తెలియదట.

ఎక్కడ, ఎంత పెద్దది అని అడిగింది. వేలు పెట్టి చూపించాను.

సెప్టెంబరు 27

సాయంత్రం అసర్ నమాజు తర్వాత. కుడి పక్కకు తిరిగి ఉంది. ఫర్హీన్ చేయి ఆమె చేతిలో ఉంది. నేను కాళ్ల దగ్గర ఉన్నాను. నొప్పి లేదు.

అక్టోబరు 2. ఈద్

పండగ సేమ్యా పాయసం, షీర్ ఖుర్మా, ఫర్హీన్ మొదటిసారి చేసింది. చక్కెర బదులు ఉప్పు వేసింది. ఇద్దరం చెరో గిన్నె తిన్నాం, ఉప్పు సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు. మిగిలింది డబ్బాలో పోసుకుని ఊరటకు పోయాం.

సారమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఉప్పేసినవ్ బిడ్డా" అంది.

ఫర్హీన్ అప్పుడు ఏడ్చింది. అమ్మీ పోయిన అయిదు రోజుల తర్వాత.