కర్రలు పారేసే ఎపిసోడ్

3 మే 2004, మిర్యాలగూడ
మా అమ్మాయి స్వర్ణకు సెలవులు. టీచర్ని కాబట్టి నాకూ సెలవులే. పదకొండింటికి టీవీలో పిల్లల సమ్మర్ స్పెషల్ సీరియల్ మొదలైంది. చంక కర్రలతో నడిచే పిల్ల హీరోయిన్. స్వర్ణ కంచం ఒళ్లో పెట్టుకుని కదలకుండా చూసింది. తనలాగే ఆ పిల్లకు కూడా ఎడమ కాలేనట. దూరపు చుట్టం దొరికినంత సంబరపడింది.

5 మే
ఇందులో విలన్‌కు ఒంటికన్ను. నవ్వించడానికి నత్తి వంటమనిషి. ఈ టీవీ వాళ్లకేం రోగం? చెడ్డవాడైతే ఏదో ఒక అవిటితనం పెడతారు. మంచిదైతే చివర్లో బాగుచేస్తారు. కుంటుతూనే ఉండి, ఎక్కాలు తప్పు చెప్పి, అమ్మతో తిట్లు తినే పిల్ల ఒక్కతీ కనబడదు. మా ఇంట్లో ఉంది, వచ్చి చూసుకోమనాలి.

7 మే
పక్కింటి కవితతో కలిసి సీరియల్ ఆట. కవిత హీరోయిన్, స్వర్ణ డాక్టరు. నువ్వెందుకు హీరోయిన్ కాలేదంటే, కవిత మంచిగ కుంటుతదమ్మా, నాకు గట్ల రాదు అంది.
నవ్వాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

10 మే
హైదరాబాద్ డాక్టర్ మాట దానికింకా చెప్పలేదు. రెండేళ్లప్పుడు పోలియో వచ్చిన కాలు, ఇక ఇంతేనట. కాలికి బెల్టులతో బిగించే ఇనుప క్యాలిపర్ జీవితాంతం వేసుకోవాల్సిందేనట. తొమ్మిదేళ్ల పిల్లకు ఏమని చెప్పను? పెద్దయితే తగ్గుతుందంటూ నెట్టుకొస్తున్నాను. ఇంకెన్ని దినాలు దాస్తవ్, ఈ సెలవుల్ల చెప్పు అని మా ఆయన గోవర్ధన్ పోరు. అలా అనేసి బియ్యం లారీ ఎక్కి కోదాడ వైపు వెళ్లిపోయాడు. చెప్పమనడం తేలికే.

13 మే
ఎలక్షన్ల ఫలితాలొచ్చాక గల్లీలో అందరిదీ ఫ్రీ కరెంట్ ముచ్చటే. రేపు సీరియల్ ఆఖరి ఎపిసోడ్. యాడ్‌లో చూపించారు. పిల్ల కొండెక్కి దండం పెడుతుంది, కర్రలు పారేసి పరుగెడుతుంది. స్వర్ణ అప్పుడు స్నానానికి పోయింది, నయం.

14 మే, మధ్యాహ్నం
పిల్ల కొండ ఎక్కుతుండగా తలుపు వెనక మెయిన్ స్విచ్ ఆపేశాను. కరెంట్ పోయిందన్నాను. స్వర్ణ ఒకటే ఏడుపు. ఆ కథ నాకు తెలుసంటూ ముగింపు చెప్పాను. ఆ పిల్ల కర్రలతోనే బడికి పోయింది, బాగా చదివి కలెక్టరైంది. మరి కాలు అంది స్వర్ణ. కాలు అట్లాగే ఉందన్నాను.
ఫర్వాలేదు, బాగానే చెప్పాననిపించింది.

14 మే, సాయంత్రం
అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. కవిత వాళ్లింట్లో కరెంట్ పోలేదట. ఆ పిల్ల ఎలా ఉరికిందో కవిత గల్లీలో ఉరికి చూపించిందట. స్వర్ణ లోపలికొచ్చి మెయిన్ వైపు చూసింది. అరవలేదు. నా కాలు బాగుకాదని నీకెర్కేనా, గందుకే బంద్ చేసినవా అని అడిగింది.
అవునన్నాను. డాక్టర్ చెప్పిందంతా చెప్పాను. ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్న మంచి మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మరి పెద్దగైతే తగ్గుతదని ఎందుకన్నవ్ అంది. కొరివితో తల గోక్కున్నాను. తల నాదైతే బాగుండేది, కాలింది నా బిడ్డకు.

17 మే
మాట్లాడటం లేదు.

29 మే
క్యాలిపర్ బెల్టులు ఈరోజు తనే బిగించుకుంది. ఇన్నేళ్లూ నేనే బిగించేదాన్ని. వదులుగా ఉన్నాయేమో చూస్తానంటే వద్దంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కన కూర్చున్నాను.

12 అక్టోబర్
దసరా సెలవులు. అదే సీరియల్ మళ్లీ వేస్తున్నారు. ఇంకో ఛానెల్ పెట్టనా అంటే, ఉండనీయమ్మా అంది. పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తూ నేనూ చూశాను.

21 అక్టోబర్
ఆఖరి ఎపిసోడ్. మెయిన్ జోలికి పోలేదు. పిల్ల కొండ ఎక్కుతోంది. నాకు కన్నీళ్లు ఆగలేదు. స్వర్ణ నా ముఖం చూసింది. లేచి, క్యాలిపర్ టకటకలాడిస్తూ వెళ్లి టీవీ ఆపేసింది. కరెంట్ పోయిందమ్మా అంది.
పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.