చిన్నోడు ఒప్పుకున్నాక వాలిన కాకి

సుధాకరా,

నీ తద్దినం నాడు పెన్న ఒడ్డున పిండం పెట్టి ఎంతసేపు చూసినా కాకి ముట్టలేదు. నీకేదో కోరిక మిగిలిందన్నారు అందరూ. అదేమిటో నాకు తెలుసు.

మన చిన్నోడు రమణకు రక్తపరీక్షలో పీఎస్ఏ ఎక్కువగా వచ్చింది, క్యాన్సరేమోనని అనుమానం. ప్రోస్టేట్ నుంచి సూదితో ముక్క తీసి పరీక్షించాలని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పినా వాడు పోలేదు.

"అన్నకు సూది పెట్టినాకనే కదక్కా ఒళ్లంతా పాకింది?" అన్నాడు ఆ రోజు కూడా.

"పాకినాక పోయి సూది పెట్టించుకున్యాడురా. రక్తంలో తెలిసినప్పుడే పోయింటే, ఈ పొద్దు వానికి పిండమెందుకు పెడతాం?"

 వాడు పిండం వైపు తిరిగి, "సరే అన్నా, పరీక్షకు పోతాలే. ఇంగ రాప్పా, అక్కతో తిట్లు తినలేను" అన్నాడు. కాకి వాలింది.

ఈరోజు రిపోర్టు వచ్చింది. వాడిదీ నీ జబ్బే. అయితే స్కానింగులో ఇంకా బయటికి పాకినట్టు లేదని, వైద్యానికి లొంగుతుందని డాక్టరు చెప్పాడు.

తిరిగొచ్చే బస్సు జమ్మలమడుగు చేరింది. దిగేముందు వాడు, "అన్న కూడా ముందే పరీక్షకు పోయింటే బాగుండునక్కా" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి రామనామం చెప్పుకుంటూ ఉండిపోయాను.

పెద్దక్క