ముక్కు మూసుకుపోయినా పదికి తొమ్మిది

ఏవండీ,

డ్యూటీకి వెళ్తున్నాను. నీళ్ళు మళ్ళీ కాచుకుని, అమృతాంజనం వేసి ఆవిరి పట్టండి. శుక్రవారం నుంచీ జలుబుతో మీ ముక్కు పనిచేయడం లేదు. నిన్న పప్పు మాడిందని పక్కింటి పాకిస్తానీ ఆవిడ వచ్చి తలుపు కొట్టింది గాని, పొయ్యి పక్కనే ఉన్న మీకు తెలియలేదు.

అలాంటిది, సాయంత్రం ఎడ్వర్డ్ అన్నయ్య ఈ దేశంలో మందు కొనడానికిచ్చే పర్మిట్ మీద తెచ్చిన వైన్ వాసన చూసి, "నేరేడుపళ్ళు, తడిమట్టి, కాస్త పొగాకు. పదికి తొమ్మిది!" అన్నారు. అన్నయ్య నోరెళ్ళబెట్టాడు. నేను మీ పరువు తీయలేదు. రేపు వాళ్ళ ఆఫీసు ఫ్రెంచి మేనేజరు ముందు కూడా వైన్ వాసన చూసి మిమ్మల్నే చెప్పమన్నాడుగా. అందుకే ఈ ఆవిరి.

పెర్సిస్

అన్నట్టు, చేపల పులుసు పొయ్యి మీదుంది. పెళ్ళయినప్పటి నుంచీ దాని గురించి మీరొక్క మాట అన్నది లేదు. తడిమట్టీ పొగాకూ వద్దు, బావుందంటే చాలు.